కూర్చోబెట్టిన మనుషులు

మన రాయలసీమలో ధాత కరువు అంటారే, 1876-78 నాటిది, దాని ఫొటోలు ఈనాటికీ పుస్తకాల్లో కనిపిస్తుంటాయి. వాటిలో పేరుపడ్డవి తీసింది మద్రాసు సైన్యంలో అధికారి విలోబీ వాలెస్ హూపర్.

చూడగానే కళ్లు పక్కటెముకల మీద పడతాయి. తొడలకంటే మోకాళ్లే లావు. అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాం. అక్కడ ఆగిపోకూడదంటాను. ఆ మనుషులు కూర్చున్న తీరు చూడండి. ఎవరూ ఎవరికీ అడ్డం రారు. ఎండిన ఒళ్లన్నీ కెమెరాకు బాగా కనబడేలా సర్దినట్టుంటాయి. ఆకలితో సొమ్మసిల్లేవాళ్లు తమంతట తాము అలా కుదురుకోరు, ఎవరో కూర్చోబెట్టాలి. పైగా అవి గాజు పలకల మీద ఫొటోలు తీసే రోజులు. కాసేపు కదలకుండా ఉంటేగాని బొమ్మ తేటగా రాదు. తల నిలబెట్టే ఓపిక లేనివాళ్లను కదలకుండా ఉంచారన్నమాట! నాకైతే ఎముకలకంటే ఆ కుదురే ఎక్కువ బాధ పెడుతుంది.

తర్వాత ఫొటో కింది రాత చదవాలి. ఉచిత సహాయానికి తగినవాళ్లు అన్న అర్థంలో ఒకదానికి పేరు పెట్టారు. మనిషి పేరు లేదు, ఊరు లేదు. ‘తగినవాళ్లు’ అని తేల్చింది సర్కారు. ఒంట్లో కాస్త సత్తువ ఉన్నవాళ్లు కరువు పనుల్లోకి పోయి మట్టి మోయాల్సిందే. 1877లో కరువు పనుల తనిఖీకి భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ ఆ పనుల కూలిని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యానికి, పైన కాస్త చిల్లరకు కోసేశాడు. పౌను అంటే అర కిలో కూడా లేదు. అది తిని పనిచేసే మనిషి బతకడని మద్రాసు ఆరోగ్యాధికారి విలియం కార్నిష్ గట్టిగా వాదించాడు. మరోపక్క ధాన్యం ఓడలెక్కి దేశం దాటిపోతూనే ఉంది. ఫొటోలో ఇవేవీ లేవు. అందుకే దాన్ని ఒక్కదాన్నే చూస్తే తప్పంతా వానదే అనిపిస్తుంది.

తీసినవాడి సంగతీ కనుక్కోవాలి. 1886లో బర్మాలోని మాండలేలో ఖైదీలను కాల్చి చంపేటప్పుడు, ఫొటో కోసం కాల్పుల ఆజ్ఞను ఆలస్యం చేయించాడని ఈ హూపర్ మీదే ఆరోపణ వచ్చింది, విచారణ జరిగింది. అది తెలిశాక కరువు ఫొటోలో ఆ కళ్లు ఎవరివైపు చూస్తున్నాయో మళ్లీ చూడబుద్ధవుతుంది.

ఇంత చెప్పినా, ఆ ఫొటోలను దాచేయమనను. ఆ ముఖాలకు మిగిలిన సాక్ష్యం అదే. పిల్లల పాఠ్యపుస్తకంలో వేసినప్పుడు మాత్రం కింద ‘కరువు బాధితులు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా, తీసిందెవరో, ఆ ఏడు కూలికి ఎంత ధాన్యం కొలిచారో కూడా అచ్చు వేయాలి.