తుప్పు చెప్పే గవాహీ

పాత చీజ్ ఏదైనా తోమి మెరిపించాల్సిందే అనే ఖాందాన్ మాది. అమ్మీ చింతపండు ముందు ఏ రాగి లోటా నల్లగా నిలవలేదు.

అఖ్బార్ పని మీద జపాన్ పాత తల్వార్ల తిజారత్ గురించి చదివితే, అక్కడి ఉసూల్ వేరేగా కనబడింది. 1876లో సర్కార్ తల్వార్ కట్టుకు తిరగడాన్ని మనా చేశాక సమురాయ్ ఇళ్ల నుంచి ఎన్నో తల్వార్లు బజారుకొచ్చాయి. సాన పట్టే ఉస్తాద్ తల్వార్‌నంతా మెరిపిస్తాడు గానీ, పిడిలో దాగే నకాగోను ముట్టడు. కమ్మరి దస్తఖత్ అక్కడే ఉంటుంది. దస్తఖత్ నకిలీ కావొచ్చు. అందుకే ఖరీదుదారు తుప్పు రంగునూ పరఖాయించి చూస్తాడు. అది గీకేస్తే ఉమర్‌కు గవాహీ పోతుంది, ఖీమతూ పడిపోతుంది.

దాదా సందూక్‌లోంచి ఏదైనా బయటపడితే, తోమేముందు జర ఆగండి.