కాపీరైటు లేదని రాసే ముందు

పాత తెలుగు పుస్తకాల్ని నెట్లోకి ఎక్కించే పని మన దగ్గర ఎక్కువగా చేసేది ఎవరో తెలుసా? నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్ళు, రిటైరైన మాస్టార్లు, కాలేజీ పిల్లలు. జీతం లేదు, బాసు లేడు, అప్రైజల్ అంతకన్నా లేదు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబర్లో, వికీసోర్స్ 2005లో మొదలయ్యాయి. అప్పట్నుంచీ ఇలాగే నడుస్తున్నాయి. ఇందులో టైపింగు కష్టమే, ప్రూఫ్‌రీడింగు ఇంకా కష్టం. వాటన్నిటికంటే చిక్కు పని ఇంకోటుంది: ఈ పుస్తకానికి కాపీరైటు ఉందా, తీరిపోయిందా అని తేల్చడం.

నేను లాయర్ని కాదు, సికింద్రాబాద్ నుంచి హైటెక్ సిటీకి ఎమ్మెమ్టీఎస్‌లో వెళ్ళి కోడు రాసుకునేవాణ్ణి. కాబట్టి చట్టం మీద ఉపన్యాసం ఇవ్వను. ఆ తేల్చే పని చేసేటప్పుడు మనం ఎలా నడుచుకోవాలన్నదే నేను చెప్పదల్చుకున్నది.

చట్టం సంగతి మాత్రం రెండు ముక్కల్లో చెప్పక తప్పదు. మనది 1957 నాటి కాపీరైటు చట్టం. రచయిత బతికున్నంత కాలం, పోయిన తర్వాత ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. మొదట్లో అది 50 ఏళ్ళే. టాగోర్ 1941లో పోయారు, అంటే 1991 చివరికి ఆయన రచనల మీద హక్కు తీరిపోవాలి. సరిగ్గా ఆ టైముకి ఆర్డినెన్సు తెచ్చి, 1992లో చట్టం సవరించి, 60 చేశారు. ఆ లెక్కన 1958లో పోయిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ 2019 జనవరి 1న అందరి సొత్తు అయింది. శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి ఆయన కవిత్వం 2043 చివరిదాకా కాదు.

ఇంతేనా, చాలా ఈజీగా ఉందే అనుకుంటారు. ఇక్కడే ఉంది తిరకాసు. మన దేశంలో కాపీరైటు రావాలంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రాయగానే వచ్చేస్తుంది. అంటే ఏ పుస్తకం ఎవరిది, హక్కు ఎప్పుడు తీరుతుంది అని ఒకచోట వెతుక్కునే పట్టిక ఏ ఆఫీసులోనూ లేదు. ఆ పట్టికని మనమే, తలా ఒక లైను రాసి తయారు చేసుకోవాలి. మన పక్కవాడు రాసిన లైనుని నమ్మి మనం ఇంకో పని చేస్తాం. మనది నమ్మి ఇంకొకడు పుస్తకం అచ్చు వేసుకుంటాడు. అందుకే ఆ ఒక్క లైను ఎలా రాస్తున్నామన్నది ముఖ్యం.

‘పాత పుస్తకం కదా, పరవాలేదు’ అనే మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. పాతదైతే సరిపోదు. ‘మహాప్రస్థానం’ 1950లో అచ్చయింది. అందులో ‘యోగ్యతాపత్రం’ పేరుతో చలం రాసిన ముందుమాట ఉంది. చలం 1979లో పోయారు. అంటే ఒకే అట్టల మధ్య ఉన్న ముందుమాట మీద హక్కు 2039తో పోతుంది, కవితల మీద 2043తో పోతుంది. గురజాడ 1915లోనే పోయారు కాబట్టి ‘కన్యాశుల్కం’ ఎవరైనా వేసుకోవచ్చు. 2007లో వెల్చేరు నారాయణరావు గారి ఇంగ్లీషు అనువాదం వచ్చింది, దాన్ని మాత్రం వేసుకోకూడదు. రచయిత పోయాక మొదటిసారి అచ్చయిన రచనకైతే అచ్చయిన ఏడాది నుంచి లెక్క. సినిమాలకి కూడా బయటికొచ్చిన ఏడాది నుంచే. ఫొటోలకీ 2012 దాకా అలాగే ఉండేది.

దీనికి తోడు మన తెలుగువాళ్ళ ప్రత్యేక ఇబ్బందులు రెండు. ఒకటి, తాత పేరు మనవడికి పెట్టుకోవడం. వేదం వేంకటరాయ శాస్త్రి గారు 1929లో పోయారు. ఆయన జీవిత చరిత్ర రాసిన మనవడి పేరు కూడా వేదం వేంకటరాయ శాస్త్రే! పేరొక్కటే చూసి లెక్కేస్తే మనవడి పుస్తకానికి తాత చనిపోయిన సంవత్సరం తగిలిస్తాం. రెండోది, పాత పుస్తకాల మీద ఉండే తెలుగు సంవత్సరాలు. అట్ట మీద ‘విక్రమ’ అని ఉంటే అది 1880-81 కావచ్చు, 1940-41 కావచ్చు. చక్రం అరవై ఏళ్ళది, కాపీరైటూ అరవై ఏళ్ళది. ఒక్క చుట్టు తప్పితే లెక్క మొత్తం తప్పుతుంది.

ఇలాంటి తప్పు జరిగితే ఏమవుతుందో మా మారేడ్‌పల్లిలోనే చూశాను. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఆయన నాన్నగారు బడిపంతులు, పద్యాలు రాసేవారు, రెండు చిన్న పుస్తకాలు సొంత డబ్బుతో వేయించుకున్నారు. వాటిలో ఒకటి నెట్లో ఒక పుస్తకాల సైట్లో కనబడింది. మనవరాలు చూసి చెప్పింది. పెద్దాయన మొదట సంబరపడ్డారట. తర్వాత కింద రాసింది చదివారు. ‘రచయిత మరణం 1942, కాపీరైటు తీరినది’ అని ఉంది. ఎలా తెలిసింది, ఎక్కడ చూశారు, ఏమీ లేదు. వాళ్ళ నాన్నగారు పోయింది 1978లో. అదే పేరుతో ఇంకో కవి ఉండేవారు, ఆయన సంవత్సరం తెచ్చి ఈయనకి పెట్టారు.

“పుస్తకం పెట్టినందుకు నాకేం బాధ లేదు బాబూ, నలుగురూ చదివితే సంతోషమే. కానీ మా నాన్న 42లో పోతే నేను 51లో ఎలా పుట్టానయ్యా?” అన్నారు నాతో. నవ్వుతూనే అన్నారు గానీ ఆ నవ్వులో సగం కోపం ఉంది.

ఆయన అప్పటికే వాళ్ళకి రాశారు. ‘ఆధారం సమర్పించగలరు’ అని రెండే రెండు ముక్కల జవాబు వచ్చింది. ముందు 1942 అని రాసినవాళ్ళు ఏ ఆధారమూ చూపించలేదు, కొడుకుని మాత్రం ఆధారం అడిగారు. ఆయన దగ్గర మున్సిపాలిటీ వాళ్ళిచ్చిన మరణ ధృవపత్రం ఉంది. దాన్ని స్కాన్ చేసి, 1942లో పోయిన కవి వేరే ఊరివారని చూపించే ముందుమాట పేజీ ఒకటి జతచేసి, మర్యాదగా ఒక ఉత్తరం రాయడానికి నేను సాయం చేశాను. వారం రోజుల్లో తేదీ సరిచేశారు, పుస్తకం తీసేశారు. చట్ట ప్రకారం అది 2038 చివరిదాకా అలా ఉండకూడదు మరి.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. తీసేశారని చెప్పగానే పెద్దాయన డీలా పడిపోయారు. “2039 దాకా నేనుంటానా? నేనే ఇస్తానంటే పెట్టరా?” అని అడిగారు. పెడతారు, కానీ హక్కు ఆయనొక్కరిదే కాదు. ఇద్దరు అక్కచెల్లెళ్ళున్నారు, వాళ్ళూ సంతకం పెట్టాలి. విజయవాడ అక్కగారు వెంటనే ఒప్పుకున్నారు. డాలస్‌లో ఉన్న చెల్లెలుగారికి మాత్రం అన్నగారి మీద కాదు, నెట్ వాళ్ళ మీద నమ్మకం పోయింది. “ముందు నాన్న చావునే తప్పు రాసినవాళ్ళకి పుస్తకం ఎందుకివ్వాలి?” అంటున్నారు. నేను ఇప్పటికి రెండుసార్లు మాట్లాడాను. ఒప్పుకోలేదు. ఆవిడని తప్పుపట్టలేను.

ఎవరో హడావిడిలో ఆధారం లేకుండా రాసిన ఒక్క లైను వల్ల జరిగిందిది. మోసం చేద్దామని రాసుండరు. పుస్తకం మీద ప్రేమతోనే చేసుంటారు. ప్రేమ ఒక్కటే చాలదు కదా! కాబట్టి ఈ పని చేసే మిత్రులందరికీ, కొత్తగా వద్దామనుకునేవాళ్ళకీ నాకు తోచిన నాలుగు మాటలు.

ఒకటి. తీర్పు ఒక్కటే రాయకండి, ఎలా తెలిసిందో రాయండి. మా ఆఫీసులో ఎవరైనా ‘పనిచెయ్యట్లేదు’ అని మాత్రమే రాసి బగ్గు వేస్తే ఎవడూ ముట్టుకోడు. ఏం నొక్కితే ఏం వచ్చిందో రాయాలి. ఇదీ అంతే. ‘కాపీరైటు లేదు’ అని కాదు, ‘రచయిత ఫలానా ఏడాది పోయినట్టు ఫలానా పుస్తకం ముందుమాటలో ఫలానా పేజీలో ఉంది’ అని రాయండి. అప్పుడు తప్పయినా పక్కవాడు పట్టుకోగలడు. అమెరికాలో హాతీట్రస్ట్ పుస్తకాల కోసం మిషిగన్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో ఇలాంటి పనే మొదలుపెట్టారు. ఒక్కో పుస్తకాన్ని ఇద్దరు విడివిడిగా చూస్తారు. ఇద్దరి మాటా కలవకపోతే బాగా తెలిసిన మూడో మనిషి తేలుస్తారు. మనకి అంతమంది లేకపోవచ్చు. కనీసం రెండో మనిషి వచ్చి చూడ్డానికి వీలుగా రాయొచ్చు కదా.

రెండు. తెలిసిందీ, అనుకున్నదీ కలిపెయ్యకండి. ‘1940 ప్రాంతంలో పోయి ఉండొచ్చు’ అనేదాన్ని ‘1940’ అని రాయడం ఎంత సులువో! అలా రాసిన మర్నాటి నుంచి అది నిజమైపోతుంది. దాన్ని చూసి ఇంకో నాలుగు చోట్ల రాస్తారు. తర్వాత ఆ నాలుగింటినే మనకి ఆధారంగా చూపిస్తారు. తెలియకపోతే ఖాళీగా వదిలెయ్యండి. ఖాళీ చూసి తెలిసినవాడు ఎవడో వచ్చి నింపుతాడు. తప్పు అంకె ఉంటే ఎవడూ రాడు.

మూడు. ఫైలు గురించి మాట్లాడండి, మనిషి గురించి కాదు. ఇది నాలాంటి చట్టం పట్టుకు వేలాడేవాళ్ళకి. కొత్తగా వచ్చిన కుర్రాడు ఇష్టమైన సినిమా పాట మొత్తం టైపు చేసి పెడతాడు. సినిమాకి అరవై ఏళ్ళు దాటాయి కదా అని వాడి లెక్క. ‘మాయాబజార్’ 1957దే కావచ్చు, పింగళి నాగేంద్రరావు గారు 1971లో పోయారు. పాట సాహిత్యం సంగతి విడిగా చూడాలని వాడికెవరు చెప్పారు? వాడి పేజీలో ఎర్ర డబ్బా పెట్టి ‘కాపీరైటు ఉల్లంఘన, తొలగించబడినది’ అని కొట్టేస్తే వాడు మళ్ళీ ఈ ఛాయలకి రాడు. ‘ఫలానా గారూ, ఈ కారణం వల్ల తియ్యాల్సొచ్చింది, గురజాడవో కందుకూరివో మీకిష్టమైతే బోలెడున్నాయి, రండి’ అని రెండు లైన్లు రాస్తే ఉంటాడు. తెలుగు వికీలో ముక్కూమొహం తెలియనివాళ్ళని కూడా గారూ అనే పిలుచుకుంటారు. ఆ ‘గారు’ తొలగించేటప్పుడు కూడా ఉండాలి.

నాలుగు. రచయిత కుటుంబం నుంచి ఎవరైనా వస్తే వాళ్ళని అనుమానంతో చూడకండి. ఆధారం అడగాల్సిందే, ఎవరైనా వచ్చి నేను కొడుకునంటే సరిపోదు. ఎందుకడుగుతున్నామో, ఏ కాగితం చాలో, ఎన్నాళ్ళు పడుతుందో చెప్పి అడగండి. మనం వాళ్ళ ఇంట్లో వస్తువు గురించి మాట్లాడుతున్నాం. హక్కు తీరిపోయిన పుస్తకమైనా సరే, రచయిత పేరు చెరపకండి, రచన వంకరలు తిప్పకండి. చట్టంలో 57వ సెక్షన్ రచయిత పేరుకీ, రచన పరువుకీ విడిగా హక్కు ఇచ్చింది. చట్టంలో లేకపోయినా చెయ్యాల్సిన పనే అది.

‘ఇంత చాదస్తం పెట్టుకుంటే ఒక్క పుస్తకమూ ఎక్కదు, ఈలోగా చెదలు తినేస్తాయి’ అనేవాళ్ళున్నారు. వాళ్ళ బాధ నాకు తెలుసు. స్కాన్ చేసి దాచుకోండి, ఎవరొద్దన్నారు? చెదలకి మందు స్కానింగు. అందరికీ పంచడం వేరే సంగతి, దానికి ఆ ఒక్క లైను సరిగ్గా ఉండాలి. సరిగ్గా రాయడానికి పట్టేది మహా అయితే ఇంకో పది నిమిషాలు. అదే తప్పు రాస్తే దిద్దడానికి ఒక కొడుకు మరణ ధృవపత్రం వెతుక్కోవాల్సొచ్చింది.

చివరిగా ఒక్క పని అడుగుతాను. మీ తాతగారో, మీ మాస్టారో, మీ ఊరివాళ్ళెవరో పుస్తకం రాసి ఉంటే, వాళ్ళు ఎప్పుడు పుట్టారో, ఎప్పుడు పోయారో, అది మీకెలా తెలుసో మూడు లైన్లు రాసి ఎక్కడైనా పెట్టండి. పెద్ద రచయితల సంవత్సరాలు అందరికీ తెలుసు. సొంత డబ్బుతో రెండు పుస్తకాలు వేసుకున్న బడిపంతుళ్ళవి మీకు మాత్రమే తెలుసు.