భేస్తాన్ బాటలో పాదం, పెడలు

సూరత్ నగరానికి దక్షిణాన, ముంబయి రైలు మార్గంలో ఉధనా, సచిన్ స్టేషన్ల నడుమ ఉన్నది భేస్తాన్. ఇరుపక్కలా పారిశ్రామిక వాడలు. ఈ మరమగ్గాల నగరానికి తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలీలు అనేకులు. గుంటమగ్గాన్ని తొక్కి నడిపిన పాదానికి మరమగ్గం వద్ద పని లేదు. సైకిలు పెడలు మీద మాత్రం ఇంకా ఉన్నది.

పాదాన్ని పెడలుకు బిగిస్తే ప్రయాణం సులువన్న ఆలోచన పాతదే. పూర్వం తోలుపట్టీ, ఇనుప క్లిప్పు ఉండేవి. మంచుపై జారే స్కీ పలకకు బూటును బిగించే పద్ధతిని 1984లో ఫ్రాన్సులోని లుక్ సంస్థ పెడలుకు అన్వయించింది. పాత క్లిప్పు లేదు గనుక ‘క్లిప్‌లెస్’ అన్నారు. మరుసటి ఏడు బెర్నార్ ఇనో ఆ పెడళ్ళతోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. 1990లో జపానుకు చెందిన షిమానో, కొండదారుల సైకిళ్ళకు మరో తరహా తెచ్చింది. అందులో చిన్న లోహపు బిళ్ళ బూటు అడుగున ఇమిడిపోతుంది. దిగి నడవడానికి అడ్డురాదు. చవకగా దొరికే ఈ తరహా పెడళ్ళు రోడ్డు సైకిలుకూ సరిపోతాయి.

అయితే లారీలు తిరిగే వాడలో మొదట నేర్వవలసినది పాదం విడిపించుకోవడం. మడమను బయటకు తిప్పితే పట్టు వీడుతుంది. ఆగకముందే ఆ పని చేయకుంటే మనిషి సైకిలుతో సహా ఒరిగిపోతాడు. స్ప్రింగు వదులుగా ఉంచి, గోడ పట్టుకొని సాధన చేయాలి. అడుగడుగునా ఆగవలసిన కార్మికునికి మామూలు పెడలే మేలు. తెల్లవారుజామున దూరం సాగేవానికి ఈ బిగింపు తోడు.