పాలు ఒకటా, అనేకములా?

పదునాఱేండ్ల క్రిందటి మాట. చిత్తూరు జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణము ముగించుకొని, ఈ హోసూరు ప్రాంతమునకు తెలుగు బోధించుటకై క్రొత్తగా వచ్చియుంటిని. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన వ్యాసములో ‘అమ్మ చూచేలోగా పాలు పొంగిపోయింది’ అని వ్రాసెను. నేను ఎఱ్ఱసిరాతో ‘పొంగిపోయినవి’ అని దిద్దితిని. అంతటితో ఊరకుండిన బాగుండెడిది. ‘పాలు బహువచనమని మీ యింట నెవరికిని తెలియదా?’ అని తరగతి యెదుట నడిగితిని. పిల్లలు నవ్విరి. ఆ బాలిక తల వంచుకొనెను.

ఆ వారమే ఇంగ్లీషు పరీక్షలో ఆమె ‘హౌ మెనీ మిల్క్స్’ అని వ్రాసి మార్కులు పోగొట్టుకొనెను. రెండు కాగితములును చేతబట్టుకొని నాకడకు వచ్చి, ‘సార్, పాలు బహువచనమని మీరే చెప్పినారు. అట్లే ఇంగ్లీషులో రాస్తే తప్పన్నారు. పాలు ఒకటా, చాలానా?’ అని యడిగెను. నాకు వెంటనే ఉత్తరము తోచలేదు. ‘రేపు చెప్పెదను’ అని పంపివేసితిని.

ఆ రాత్రి యాలోచింపగా నా తప్పు నాకే కనబడెను. మన భాషలో పాలు, నీళ్లు, వడ్లు, పెసలు నిత్యబహువచనములు. నెయ్యి, నూనె, బంగారము, బియ్యము నిత్యైకవచనములు. వడ్లు ఎండినవి అందుము. దంచిన పిమ్మట బియ్యము ఉడికినది అందుము. గింజ యదియే, పొట్టు పోవుటతో వచనము మాఱినది! కనుక వచనము వస్తువునందు లేదు. భాష ఆ వస్తువును చూచు చూపునందున్నది.

ఇంగ్లీషువారి చూపు వేఱు. వారు నామములను లెక్కింపదగినవి, లెక్కింపరానివి అని విభజింతురు. మిల్క్, వాటర్, రైస్, గోల్డ్ లెక్కింపరానివి. వానికి బహువచనము సాధారణముగా రాదు. ‘ఎన్ని’ అనుటకు మెనీ, ‘ఎంత’ అనుటకు మచ్ వాడుదురు. మనము ‘ఎంత నెయ్యి’ అనియు, ‘ఎన్ని పాలు’ అనియు అందుము. చిక్కంతయు ఇచటనే యున్నది. ‘ఎన్ని పాలు’ అను తెలుగును మాటకు మాటగా మార్చినచో ఆ బాలిక వ్రాసిన తప్పే వచ్చును.

అయినను మనము ‘రెండు పాలు’ అని లెక్కింపము. ‘రెండు లీటర్ల పాలు’ అందుము. వారును ‘టూ లీటర్స్ ఆఫ్ మిల్క్’ అందురు. రూపము బహువచనమైనంతనే వస్తువు లెక్కకు రాదు. కొలత వచ్చినచోట రెండు భాషలును కలిసికొనినవి.

మనము లెక్కించునవి కొన్ని వారు లెక్కింపరు. సలహాలు, వార్తలు మనకు ఎన్నియైన నుండవచ్చును. అడ్వైస్, న్యూస్ వారికి లెక్కింపరానివి. న్యూస్ అనుదాని చివర ‘స్’ ఉన్నను అది ఏకవచనమే. కుర్చీలు లెక్కింపవచ్చును గాని, కుర్చీలు బల్లలు కలిసిన ఫర్నిచర్ లెక్కింపరాదు.

మఱి ‘పాలు పొంగిపోయింది’ అను వాక్య మెక్కడిది? ఆ బాలిక తల్లి ఆవులను పెంచి, తమిళుల యిండ్లకును కన్నడిగుల యిండ్లకును పాలు పోయుచుండెడిది. తమిళమున పాల్, కన్నడమున హాలు ఏకవచనములు. ఇరుగుపొరుగు మాట ఇంటి మాటలో కలిసినది. అది యజ్ఞానము కాదు; మూడు భాషల నడుమ బ్రతుకుట. నేను ఎగతాళి చేసినది ఆ బ్రతుకును.

మఱునాడు తరగతిలో ఈ సంగతి యంతయు వివరించి, ‘నిన్న దిద్దినది సరియే, అన్న మాట సరికాదు’ అని అందఱి యెదుట ఒప్పుకొంటిని. ఆ బాలిక తల యెత్తి, ‘అయితే సార్, పెరుగు?’ అని యడిగెను. పాలు తోడుకొన్నంతనే ఏకవచన మగునని చెప్పగా అందఱును నవ్విరి. ఈసారి ఆమెయు నవ్వెను.

విద్యార్థులారా! ఏ భాష వ్రాయునప్పుడు ఆ భాష చూపుతోనే చూడుడు. ఇంగ్లీషు నామ మెదురైనపుడు, తెలుగులో దాని వచన మేమని కాక, దాని ముందు ఒకటి, రెండు అని చెప్పవచ్చునా యని విచారింపుడు. సందేహమున్న నిఘంటువు చూడుడు. తలిదండ్రులారా! మీ యింటి తెలుగును బిడ్డలయెదుట తక్కువ చేసికొనకుడు. దిద్దుకొనవలసినది దిద్దుకొందము, మాటలాడుట మాత్రము మానకుందము.