నీళ్లు లేని ఊళ్లో గాలం

ధర్మవరంలో కూర్చుని ట్రౌట్ చేపలకు ఈగలు కడుతున్నానంటే నవ్వనివారు లేరు. నవ్వడం న్యాయమే. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం, అదీ నమ్మకం లేని వర్షం కురిసే అనంతపురం పీఠభూమి మాది. 2022లో జిల్లాను విడదీసి మా వూరిని శ్రీ సత్యసాయి జిల్లాలో చేర్చారు గాని, మబ్బులకు ఆ కబురు అందినట్టు లేదు. పక్కనే చిత్రావతి వుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుకదారే. ట్రౌట్ చూడబోతే చన్నీటి చేప. నీరు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మే నెలలో మా కుళాయి నీళ్లే చేతికి చురుక్కుమంటాయి!

ఈ చేప మనకు కాస్త దగ్గరలో వుండేది నీలగిరుల్లో. అక్కడా అది పుట్టి పెరిగిన చేప కాదు. 1860ల నుంచీ దొరలు తెచ్చి వదిలే ప్రయత్నాలు చేశారు. చివరికి 1907 ప్రాంతాల విల్సన్ అనే ఆయన అవలాంచి దగ్గర గుడ్లు పొదిగించి వాగుల్లో వదిలాక నిలదొక్కుకుంది. అప్పుడు ఊటీ, అనంతపురం రెండూ మద్రాసు రాజధానిలోనివే. అలా చూస్తే ట్రౌట్‌తో మాకు దూరపు చుట్టరికం వున్నట్టే.

అసలు చుట్టరికం వేరు. మా అబ్బాయి ఇంగ్లండులో, లీడ్స్‌లో డాక్టరు. వాడి కొడుక్కి 12 ఏళ్లు. తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. ఫోనులో “బాగున్నావా నాన్నా?” అంటే “బాగున్నాను తాతా” అనేవాడు. ఆపైన ఇద్దరికీ ఏమీ తోచేది కాదు. అన్నం తిన్నావా అని ఎన్నిసార్లని అడగను? రెండేళ్ల కిందట వాడు పొరుగింటి పెద్దమనిషి వెంట వార్ఫ్ నదికి చేపలకు వెళ్లడం మొదలుపెట్టాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు వాడి గొంతే మారిపోయింది. మాటలకు కరువొచ్చిన చోట నాకొక దారం దొరికింది.

ఈగ అంటే నిజం ఈగ కాదండోయ్. గాలపు ముల్లుకు పట్టుపోగు చుట్టి, మెడ దగ్గర మెత్తని పక్షి ఈక ఒకటి తిప్పి కడతారు. అంతే. ఏటి అడుగున పెరిగిన పురుగు రెక్కలు విప్పుకోవడానికి పైకి తేలుతుంది. నీటి పైపొర దాటేలోగా దానికి దిక్కూ దెసా వుండదు. ట్రౌట్ కాచుకుని వుండేది ఆ సమయానికే. నీటిలో మునిగి సాగే ఈ ఈగకు ఈకపోగులు ముడుచుకుంటూ విచ్చుకుంటూ వుంటే, అచ్చం పైకి వచ్చే పురుగులాగే వుంటుంది. స్కాట్లండులో స్టూవర్టు 1857లోనే ఈ తరహా ఈగలను మెచ్చుకుంటూ పుస్తకం రాశాడు. యార్క్‌షైరు ఈగలను ప్రిట్ 1885లో రంగుబొమ్మలతో అచ్చువేశాడు.

వాటిలో పేరుమోసినది నారింజరంగు పట్టు, కౌజుపిట్ట ఈక కలిపి కట్టేది. ఇది విని కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. పట్టా? ధర్మవరంలో పట్టుకేం కొదవ! మరమగ్గాలు వచ్చి మా వీధిలో చేతిమగ్గాల చప్పుడు తగ్గింది గాని, పక్కింటి మగ్గం ఇంకా ఆడుతూనే వుంది. తెగిన కొసలు అడిగాను.

“కొసలెందుకు అయ్యవారూ?” అన్నాడు నేతన్న.

“చేపకు చీర కట్టాలి” అన్నాను.

ఆనాటి నుంచి రంగురంగుకూ వేరుగా కాగితంలో చుట్టి పంపుతున్నాడు.

కౌజుల్లో ఒక జాతి మా గుట్టల్లోనూ వుంది. తెల్లవారుజామున కూస్తుంది. దాని జోలికి నేను పోను. 1972 నాటి వన్యప్రాణి చట్టం కాపాడే పక్షి అది. చట్టం లేకపోయినా, ఆ కూత లేని తెల్లవారు నాకు వద్దు. నాటుకోడి పెట్ట మెడమీది మచ్చల ఈక ఆ పని చేస్తుంది.

ముళ్లు, వాటిని బిగించే పట్టుకారు మా అబ్బాయి పంపాడు. పోగుకు తేనెమైనం రాసి ముల్లు మీద ఒత్తుగా చుట్టి, ఈకను రెండు చుట్లు తిప్పి ముడి వేస్తాను. మూడో చుట్టు పడకూడదు. ఈక దట్టమైతే నీటిలో కదలదు, పుల్లలా వుండిపోతుంది. చేతిలో ఇంకా ఈక మిగిలివుండగా ఆపడం చాలామందికి కష్టమట. నాకా బాధ లేదు. ఒక్క బిందెతో స్నానం, ఆ నీళ్లే అరటిచెట్టుకు — ఇలా పెరిగినవాణ్ణి. చాలు అనేది ఎక్కడో కరువుసీమ వాడికి ఒకరు చెప్పనక్కరలేదు.

కట్టినదాన్ని గాజుగ్లాసులో ముంచి చూస్తాను. నారింజరంగు తడిసేసరికి ముదిరి గోధుమవన్నెకు తిరుగుతుంది. మెల్లగా లాగితే పోగులు ఊపిరి తీసినట్టు ఆడతాయి.

“ఏమండీ, కుళాయి రెండు రోజులకొకసారి వస్తూంటే మీ పురుగుకు స్నానమా?” అంటుంది మా ఆవిడ. తర్వాత ఆ నీళ్లు మల్లెపాదుకు పోయాలని ఒప్పందం. తులసికోట దగ్గరికి మాత్రం తేకూడదు — కోడి ఈక ముంచిన నీళ్లాయె!

ఇప్పుడు ఫోను మోగితే ముందు మాట్లాడేది మనవడే. ఏ ఈగకు చేప వచ్చింది, ఎంతది, ఎలా తిరిగి వదిలేశాడు, అన్నీ చెబుతాడు. ఆ ఇంగ్లీషు మధ్య ఈక, పోగు, కొస, ముడి అని తెలుగు మాటలు దొర్లుతాయి. ఈగల పొట్లాల మీద నేను రాసి పంపినవే.

మొన్న అడిగాడు: “తాతా, నువ్వు ట్రౌట్‌ను చూడలేదు కదా, నీకెలా తెలుసు?”

“చేప సంగతి నువ్వు చెబుతున్నావుగా నాన్నా, పట్టు సంగతి నాకు తెలుసు” అన్నాను.

ఈసారి ఊదారంగువి డజను కావాలట. పక్కింటి మగ్గం మీద ఇప్పుడున్నది ఆకుపచ్చ చీర. ఊదా అంచు చీర దసరాకు ఎక్కిస్తామన్నారు. అందాకా ఆగమన్నాను. గాలం వేసేవాడికి ఓపిక నేర్పాలా?