గుళిక వెల, అరికాలి వెల

మూత్రపిండపు క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకినదని తేలి, డాక్టరుగారు సునిటినిబ్ గుళికలు వ్రాసియిచ్చిన నాటినుండి నా జమాఖర్చుల పుస్తకములో నెల అను కొలత చెల్లకపోయినది. పింఛను నెలకొకమారు వచ్చును, బ్యాంకు వడ్డీ మూడు నెలలకొకమారు వచ్చును. ఈ మందు మాత్రము నాలుగు వారములు మింగి రెండు వారములు మానవలెనను తన సొంత పంచాంగమును వెంటబెట్టుకొని వచ్చినది. అందుచేత ఆరు వారముల పద్దును వేరుగా తెరచి, పెద్ద ఫిక్సెడ్ డిపాజిట్టు నొకదానిని గడువు తీరగానే చిన్న చిన్నవిగా విడగొట్టి, ప్రతి కోర్సుకు ముందు ఒకటి చేతికందునట్లు అమర్చుకొంటిని.

మందు వెల అందరును అడుగుదురు. మందు తెచ్చిపెట్టు బాధల వెలను అడుగువారు అరుదు. ఈ వ్యాధికి 2006లో అమెరికాలో అనుమతి పొందిన ఈ ఔషధము, కణితికి రక్తమును చేరవేయు నూతన నాళములు పుట్టకుండ అడ్డుపడును గాని, దాని ప్రభావము కణితితోనే ఆగక, రక్తపోటును పెంచును, థైరాయిడ్‌ను మందగింపజేయును, నోరు పూయించును, విరేచనములు పట్టించును, అరచేతులను అరికాళ్లను ఎఱ్ఱబరచి పొక్కించును. మూడవ వారము ముగియునప్పటికి మడమ మోపిన చోటనెల్ల నిప్పు త్రొక్కినట్లుండి, స్నానాలగది నుండి మంచము వరకు గోడ పట్టుకొని నడచుచుంటిని. చొక్కా గుండీలు పెట్టుటకు మా ఆవిడ రావలసి వచ్చెడిది.

యూరియా కలిసిన క్రీము, మెత్తని అడుగుగల చెప్పులు, నూలు మేజోళ్లు, ఇంటిలో రక్తపోటు చూచుకొను యంత్రము, థైరాయిడ్ పరీక్ష, ఓఆర్ఎస్ పొట్లములు: వీనిలో ఏ ఒక్కటియు గుళికల వెలతో తూగునది కాదు. అయినను వీనిని దుబారాగా నెంచి వెనుకాడువాడు, అంత డబ్బు పోసి కొన్న మందును సగములో ఆపుకొనవలసిన స్థితికి వచ్చును గనుక, నా పద్దులో వీనికే మొదటి వరుస యిచ్చితిని. చెప్పుల ధర విని మా ఆవిడ కొంతసేపు మాటాడలేదు.

మందుల దుకాణములోని కుర్రవాడు, “మూడు కోర్సులవి ఒకేసారి తీసుకోండి సార్, బాగా తగ్గించి ఇస్తాను” అనెను. మంచి బేరమే. కాని 50 మిల్లీగ్రాముల గుళికను కోసి 37.5 చేయుటకు వీలులేదు. మోతాదు తగ్గించవలసినచో చిన్న గుళికలను వేరుగా కొనవలెను, కొన్న పెద్ద గుళికలు బీరువాకు అలంకారమగును. అంతకంటె సూక్ష్మమైన అపాయము మఱొకటి కలదు: ముందుగా సొమ్ము చెల్లించి కొన్న నిల్వ ఇంటిలో ఉన్నంతకాలము రోగి నాలుక నిజము పలుకదు. “ఎలా ఉంది?” అని డాక్టరు అడిగినప్పుడు “ఫరవాలేదండీ” అనునది కాలు కాదు, బీరువా. కనుక రాయితీని వదలుకొని ఏ కోర్సుకా కోర్సు కొనుచు వచ్చితిని. పొక్కులను ఉన్నదున్నట్లు చూపగలిగితిని. ఆయన మోతాదును 37.5కు దించినారు. నడక తిరిగి వచ్చినది.

బీమా సంగతి పొట్టిగా చెప్పెదను. నోటితో మింగు కీమోథెరపీని బీమా నియంత్రణ సంస్థ 2019లోనే ఆధునిక చికిత్సల పట్టీలో చేర్చినది. అయినను పాలసీలలో దానికి వేరే పరిమితులుండుట కద్దు, కాగితము చదువక తప్పదు. నా పాలసీ గుళికల వెలలో కొంతభాగము భరించి, చెప్పుల రసీదును తిప్పిపంపినది. ఆదాయపు పన్నులో మాత్రము ఊరట దొరకినది. 1961 నాటి చట్టములోని 80డీడీబీ సెక్షను క్రింద, అరువదేండ్లు నిండినవారు ఇట్టి చికిత్సకు పెట్టిన ఖర్చులో లక్ష రూపాయల వరకు, బీమా ఇచ్చినది పోగా, ఆదాయమునుండి తీసివేసికొను వీలుండెను. దానికి నిపుణుడైన వైద్యుని చీటీ కావలసి వచ్చెను, పన్ను చెల్లింపులో పాత విధానమును ఎంచుకొనవలసి వచ్చెను. రెండు విధానములను ప్రక్కప్రక్కన లెక్కవేయగా నా విషయమున పాతదే మేలని తేలినది. బిల్లుల కట్టను ఆడిటరుగారి కిచ్చినప్పుడు ఆయన కళ్లద్దములు సవరించుకొని, “క్రీము బిల్లు కూడానా మాస్టారూ?” అనిరి.

“ముందు అదే రాసుకోండి” అంటిని.