ఎల్ల దాటిన రోగి, ఎల్ల దాటని చీటి

ఆరోగ్యపు వ్రాతలనగా మన యిండ్లలో గోడమేకునకు వ్రేలాడు సంచి జ్ఞప్తికి వచ్చును. డాక్టరుగారి చీటీలు, రక్తపరీక్షల కాగితములు, ఎక్సురేలు అందే యుండును. ఈ సంచికిని, ఎల్లలకు ఆవల ఆరోగ్యసమాచారము పంచుకొనుటకై ప్రభుత్వములు చేయు నిబంధనలకును సంబంధమేమని కొందరడుగవచ్చును. మా పెద్ద కొడప్‌గల్ వారికి ఆ సంబంధము నిత్యానుభవము.

మా యూరు హైదరాబాదునుండి నాందేడు పోవు రహదారిమీద నున్నది. ఒకప్రక్క దెగ్లూరు మహారాష్ట్రములోనిది; మరియొకప్రక్క బీదరు కర్ణాటకములోనిది. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము ఇవన్నియు హైదరాబాదు రాష్ట్రమునందే యుండెను. మా పొరుగున నున్న బిచ్కుంద, జుక్కల్ ప్రాంతములు నాడు దెగ్లూరు తాలూకాలోనివి. పటములో గీత మారినది గాని వియ్యములు మారలేదు. పిల్లను ఆవలినుండి తెచ్చుకొందుము, ఆవలికి ఇచ్చుకొందుము. జబ్బుచేసినచో బాన్సువాడకు పోవువారు కొందరు, నాందేడునకు పోవువారు కొందరు.

మా బంధువులలో ఒక కోడలు ఎల్లకావలి పిల్ల. ఆచారము ననుసరించి తొలికాన్పు పుట్టింట జరిగినది. రెండవమారు గర్భవతియైనప్పుడు ఇచ్చట పరీక్షింపగా ఆమె రక్తము నెగెటివు వర్గమని తెలిసినది. తొలిబిడ్డది పాజిటివు. అట్టి తల్లికి కాన్పైన 72 గంటలలోపల యాంటీ-డి యను సూది వేయవలయును. వేయనిచో, తల్లిరక్తమున పుట్టు ప్రతికూల పదార్థములు తరువాతి గర్భములోని శిశువు రక్తకణములను నాశనము చేయగలవు. “తొలికాన్పున సూది వేసిరా?” అని డాక్టరమ్మ అడిగెను. ఎవరికిని తెలియదు. ఇల్లు మారుటలో కాగితములు పోయినవి. కాన్పు జరిగినచోట విచారింపగా పాతపుస్తకములు దొరకలేదనిరి. మరల రక్తపరీక్ష చేయించి, ఫలితము వచ్చువరకు ఇంటిల్లిపాదియు నిద్రలేక గడిపితిమి. భగవంతుని దయవలన అపాయము లేదని తేలినది. ఒక్క పంక్తి వ్రాత ఎల్ల దాటియుండినచో ఆ తల్లికి ఆ భయము చాలవరకు తప్పియుండును.

ఇది రాష్ట్రముల ఎల్ల. సముద్రమునకావలి ఎల్లనుగూర్చియు విచారింతము. మా జిల్లానుండి గల్ఫుదేశములకు పోయిన పురుషులెందరో కలరు. ప్రయాణమునకు ముందు వారు ఆ దేశములు ఆమోదించిన కేంద్రములలో వైద్యపరీక్ష చేయించుకొనవలయును. క్షయ మొదలగు వ్యాధుల పరీక్షాఫలితము కంప్యూటరుద్వారా అచ్చటి అధికారులకు చేరును. పనివానిని నిరాకరించుటకు సమాచారము అంత వేగముగా సముద్రము దాటును. అతడే అచ్చట జబ్బుపడి తిరిగివచ్చినచో, చికిత్స వివరములు సాధారణముగా అతడు పెట్టెలో తెచ్చుకొన్నంత మాత్రమే. కావున ఈ నిబంధనలను తూచుటకు మాకు తోచిన తూనికరాయి ఒక్కటే: సమాచారము ఎవరి మేలుకొరకు, ఎవరి యనుమతితో ఎల్ల దాటుచున్నది?

మనదేశమున 2021 సెప్టెంబరు 27న దేశమంతటికి ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ క్రింద, కోరినవారు 14 అంకెల ఆభా సంఖ్యను పొందవచ్చును. వ్రాతలు పుట్టిన ఆసుపత్రియందే యుండును. రోగి సమ్మతించిననే వేరొక వైద్యునికి కనబడును. దీనికి రాష్ట్రపుటెల్ల అడ్డుగాదు. కాని ఆసుపత్రివారు కంప్యూటరులో వ్రాయవలయును గదా! వ్రాయనిదానిని ఏ నిబంధన పంపగలదు?

ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమ్మతిని ఉపసంహరించుకొనుటకును, తప్పులు దిద్దించుకొనుటకును మనకు హక్కునిచ్చినది. ప్రభుత్వము నిషేధించిన దేశములకు తప్ప సమాచారము విదేశములకు పోవచ్చునని అందున్నది. దీని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యభాగములు 18 నెలల తరువాత అమలునకు వచ్చునట్లు నిర్ణయించిరి. ఐరోపా కూటమివారు ఇంకను ముందునకు పోయిరి. 2025 మార్చి 26న అమలులోనికి వచ్చిన వారి నిబంధన ప్రకారము, 2029 మార్చినుండి రోగి వైద్యసంగ్రహమును, మందులచీటియు కూటమిలోని ఒక దేశమునుండి మరియొక దేశపు వైద్యునికి అందవలయును. ఇట్టి ఏర్పాటు మన పనివారు పోవు దేశములతో మనకును కుదిరినచో ఎంత మేలు!

అయినను స్త్రీలకు ఒక హెచ్చరిక. సమ్మతి యనునది ఈ దినములలో ఫోనునకు వచ్చు ఓటీపీగా మారినది. ఫోను భర్తచేతనో కొడుకుచేతనో ఉన్నచో, సమ్మతియు వారిదే యగును. గర్భస్రావము, మనోవ్యాధి మొదలగు సంగతులు ఎవరికి తెలియవలయునో నిర్ణయించు హక్కు చట్టములో మనది, ఇంటిలో మాత్రము పరులది! ఎల్లలు దాటుటకు ముందు ఈ గడప దాటవలసియున్నది.

కాబట్టి సోదరీమణులు తమ రక్తవర్గమును, తమకు పడని మందులను తెలిసికొని యుందురుగాక. కాన్పైన పిమ్మట వేసిన సూదుల వివరము వ్రాయించుకొననిదే ఆసుపత్రి విడువకుందురుగాక. ఆభా సంఖ్యను తమ సొంత ఫోనుతోనే తీసికొని, ఓటీపీ చెప్పుటకు ముందు “ఎందుకొరకు?” అని అడుగుదురుగాక. కూతురును అత్తవారింటికి పంపునప్పుడు చీరె సారెలతోపాటు ఆమె ఆరోగ్యపత్రములను గూడ ఆమెచేతికే ఇచ్చి పంపుట మన యాచారము కావలయును.